ఒకే జీతం, రెండు ఇళ్లు

పటాన్‌చెరులో ఫిట్టరు, గాజువాకలో వెల్డరు, మాదాపూర్‌లో కాల్ సెంటర్ ఉద్యోగి. ముగ్గురి పనులూ వేరు, జీతాలూ వేరు. కానీ ఇంటి విషయంలో ముగ్గురి పరిస్థితీ ఒక్కటే. పట్నంలో అద్దె పోర్షన్ ఒకటి, ఊళ్లో శ్లాబు పడి ప్లాస్టరింగ్ దగ్గర ఆగిన ఇల్లు ఇంకొకటి. అద్దె నెల ఖర్చుల్లో కలిసిపోతుంది. ఊరి ఇంటి అప్పు నాన్న సంతకం పెట్టిన ప్రామిసరీ నోట్లలో ఉండిపోతుంది. రెండింటినీ ఒకే కాగితం మీద రాసి చూసుకునేవాళ్లు చాలా తక్కువ. ఇంటి పేరుతో జీతం ఎటు పోతోందో తెలియకపోవడానికి మొదటి కారణం ఇదే.

దేశం లెక్క చూసినా ఇలాంటి విచిత్రమే కనిపిస్తుంది. పట్టణాల్లో 1.88 కోట్ల ఇళ్లు తక్కువగా ఉన్నాయని 2012లో కేంద్రం నియమించిన సాంకేతిక బృందం అంచనా వేసింది. అందులో దాదాపు 1.5 కోట్లు ఇరుకు ఇళ్లలో సర్దుకుంటున్న కుటుంబాలవే. బొత్తిగా గూడు లేని కుటుంబాలు 5.3 లక్షలు. కొరత దాదాపు అంతా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లదే. మరోవైపు, 2011 జనగణన నాటికి పట్టణాల్లోనే కోటికి పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. అంటే ఇళ్లున్నాయి, వాటి ధర మాత్రం జీతగాడికి అందదు. ప్రభుత్వాలు దీన్ని సరిదిద్దేదాకా మన చేతిలో ఉన్నది ఒక్కటే: ఉన్న జీతాన్ని ఏ ఇంటి మీద, ఏ వరుసలో పెట్టాలో ముందే తేల్చుకోవడం.

ముందు ఒక పేజీ లెక్క

నెలకు చేతికి 30 వేలు వచ్చే ఉద్యోగిని తీసుకుందాం. అద్దె 7 వేలు. కరెంటు, నీళ్లు, మెయింటెనెన్స్ కలిపి 1,200. డ్యూటీకి వెళ్లిరావడానికి పెట్రోలు 2,200. ఊళ్లో ఇంటి కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 3 లక్షలకు నెలకు 6 వేల వడ్డీ. మొత్తం 16,400. ‘ఇంటికి నాకయ్యేది 7 వేలే’ అనుకునే మనిషి నిజానికి జీతంలో సగానికి పైగా ఇళ్లకే పోస్తున్నాడు.

మీ లెక్కా ఇలాగే వేయండి. అద్దె, దాని వెంట వచ్చే ఖర్చులు, ప్రయాణం, ఊరికి పంపే డబ్బు, ఊరి అప్పు వడ్డీ, ఇంటి కోసం కడుతున్న చీటీ, ప్లాటు వాయిదా... అన్నీ ఒకే పేజీలో రాయండి. చేతికొచ్చే జీతంలో ఇది 40 శాతం దాటితే కొత్తగా ఏ ఇంటి ఖర్చూ నెత్తికెత్తుకోవద్దు. ప్లాటు ఆఫరు ఎంత ఊరించినా సరే. ఉన్నవాటిలో ఏది తగ్గుతుందో ముందు చూడాలి.

అద్దెలో దూరాన్నీ కలపండి

టు-లెట్ బోర్డు మీద కనిపించే అద్దె సగం సంగతే చెబుతుంది. కంపెనీకి దగ్గర్లో రెండు గదుల పోర్షన్ 7 వేలు, 18 కిలోమీటర్ల దూరంలో అలాంటిదే 5 వేలు అనుకోండి. రెండు వేలు మిగిలినట్టే ఉంటుంది. కానీ రోజుకు 36 కిలోమీటర్లు బండి మీద తిరగాలి. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి రోజుకు 0.8 లీటరు కావాలి. లీటరు 107 రూపాయల చొప్పున 26 రోజులకు 2,225 రూపాయలు. టైర్లు, సర్వీసింగ్ కలపకముందే మిగులు పోయింది. రోజుకు గంటన్నర, రెండు గంటలు రోడ్డు మీద పోతే ఓటీ దొరికే రోజున ఆగే ఓపికా ఉండదు.

కంపెనీ బస్సు ఉంటే లెక్క మారుతుంది. అందుకే ఉద్యోగంలో చేరేటప్పుడే బస్సు ఏ రూట్లలో తిరుగుతుందో, ఎన్ని షిఫ్టులకు నడుస్తుందో అడగండి. రాత్రి షిఫ్టుకు బస్సు లేని రూట్లో ఇల్లు తీసుకుంటే వారం తిరిగేసరికి ఆటో ఖర్చు మొదలవుతుంది. జీతం వెయ్యి ఎక్కువిస్తామన్న ఇంకో కంపెనీకి మారేముందు కూడా ఇదే లెక్క వేయాలి. ఇల్లు మారాల్సి వస్తే సామాన్ల తరలింపు, కొత్త అడ్వాన్సు, పిల్లల స్కూలు ఫీజు కలిసి ఆ పెంపును ఏడాదిపాటు తినేస్తాయి.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు గోడల రంగు కంటే ముందు నీళ్ల సంగతి అడగండి. మున్సిపల్ నీళ్లా, బోరా? ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు తెప్పిస్తారా, తెప్పిస్తే ఆ ఖర్చు ఎవరిది? ఈ మాట ఓనర్‌ను కాకుండా కింది పోర్షన్‌లో అద్దెకున్నవాళ్లను అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. కరెంటుకు విడి మీటరు ఉందో లేదో చూడండి. సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని ఓనరే వసూలు చేసే చోట వేసవి బిల్లు బాగా పెరగవచ్చు. డాబా మీద వేసిన గదికి అద్దె తక్కువే, కానీ రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకోవాల్సినవాళ్లకు ఏప్రిల్ తర్వాత అందులో నిద్ర పట్టదు.

వాన నీటి సంగతీ తెలుసుకోవాలి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో చెరువుల కింది కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ‘అప్పుడు ఇక్కడిదాకా నీళ్లొచ్చాయా?’ అని వీధి చివర కిరాణా కొట్టులో అడగండి. గోడ మీద ఎంత ఎత్తుదాకా వచ్చిందో చూపిస్తారు.

పెళ్లికానివాళ్లకు, ఒంటరిగా ఉండే ఆడవాళ్లకు ఇల్లు దొరకడం ఇంకో కష్టం. కులం, మతం, తిండి అడిగి తలుపు వేసేవాళ్లూ ఉన్నారు. ఇది అన్యాయమే. అయినా వెంటనే గది కావాల్సినప్పుడు పనికొచ్చేది పరిచయమే. మీకంటే ముందు చేరిన సహోద్యోగులు ఉండే వీధుల్లో, వాళ్ల ఓనర్ల ద్వారా వెతికితే బ్రోకరుకిచ్చే కమీషనూ మిగులుతుంది. హాస్టల్లో చేరితే ఖాళీ చేసేముందు ఎన్ని రోజుల నోటీసివ్వాలి, అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారు, ఊరెళ్లిన రోజులకు భోజనం డబ్బు తగ్గిస్తారా అన్నవి చేరే రోజే వాట్సాప్‌లో రాయించుకోండి.

అడ్వాన్సు తిరిగి రావాలంటే

అద్దె ఒప్పందం 11 నెలలకే ఎందుకు రాస్తారంటే, 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టంలో ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని ఉంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఈ 11 నెలల పద్ధతి. 11 నెలలదైనా సరే, రాత మాత్రం ఉండాలి. అందులో ఇవి తప్పకుండా రాయించండి:

- అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి
- రంగులకు ఎంత పట్టుకుంటారు, ఎన్నాళ్లున్నవారికి పట్టుకోరు
- అద్దె ఏడాదికి ఎంత శాతం పెంచుతారు
- ఇద్దరిలో ఎవరు ఎన్ని నెలల ముందు నోటీసివ్వాలి
- మోటారు, పైపులు పాడైతే ఖర్చు ఎవరిది

దిగిన రోజే గదులన్నిటినీ ఫోన్‌లో వీడియో తీసి ఓనర్‌కు పంపండి. పగిలిన టైలు, ఊడిన గడియ మీ ఖాతాలో పడవు. అద్దె యూపీఐలో కట్టి ‘జూన్ అద్దె’ అని అందులోనే రాయండి. నగదే కావాలంటే రసీదు అడగండి. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంటోంది. రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అది కట్టడి అవుతుంది. అయినా బేరమాడటానికి అది మంచి ఆధారమే. బెంగళూరుకు వెళ్లే మనవాళ్లు మాత్రం ముందే సిద్ధపడాలి. అక్కడ హైదరాబాద్ కంటే ఎక్కువ నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం మామూలే. ఆఫర్ లెటర్ తీసుకునేటప్పుడే రీలొకేషన్ సొమ్ము కోసం హెచ్‌ఆర్‌ను అడగాల్సింది ఇందుకే.

జీతంలో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది. ఏమీ చెప్పకపోతే కంపెనీ మిమ్మల్ని కొత్త విధానంలో వేస్తుంది. ఏడాది అద్దె లక్ష దాటితే ఓనర్ పాన్ నంబరు ఇవ్వాలి. ఇల్లు మాట్లాడుకునేటప్పుడే ఆ సంగతి తేల్చుకోండి. మార్చిలో అడిగితే చాలామంది ఓనర్లు ముఖం చాటేస్తారు.

ఊరి ఇంటికి కాగితం ఉందా?

ఊళ్లో ఇల్లు తాతల నాటిది. గ్రామకంఠంలో ఉంది. ఇంటి పన్ను నాన్న పేరు మీద వస్తుంది. మన అనుభవంలో ఉంది కాబట్టి మనదే అనుకుంటాం. ఆ నమ్మకం ఊళ్లో చెల్లుతుంది, బ్యాంకులో చెల్లదు. ఇంటి పన్ను రసీదు పన్ను కట్టినట్టు చెబుతుందే తప్ప యాజమాన్యానికి రుజువు కాదు. రిజిస్టరైన దస్తావేజు లేక బ్యాంకు అప్పు దొరకదు. అందుకే ఊరి ఇంటికి వడ్డీ వ్యాపారే దిక్కవుతాడు.

ఈ కాగితం లేకపోవడం ఎంత ఖరీదో చూడండి. 3 లక్షల అప్పుకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. నెలకు 6 వేలు కట్టినా అసలు 3 లక్షలూ అలాగే నిలబడి ఉంటుంది. అదే 3 లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువుతో బ్యాంకులో దొరికితే నెల వాయిదా 6,230 రూపాయల లోపే. అరవై నెలల తర్వాత అసలుతో సహా తీరిపోతుంది. నెలకు 230 రూపాయల తేడాతో ఒకరి అప్పు తీరుతుంది, ఇంకొకరిది తరతరాలు సాగుతుంది. మధ్యలో ఉన్నది ఒక దస్తావేజు. అందుకే ఊరి ఇంటికి రంగులు, గ్రిల్లులు, టైల్స్ కంటే ముందు కాగితం మీద ఖర్చుపెట్టండి.

ఇల్లు ఇంకా నాన్న, తాతల పేరు మీదే ఉంటే, వాళ్లు కాలం చేస్తే, తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోవాలి. పెద్దమనుషుల ముందు నోటిమాటగా జరిగిన పంపకాన్ని రిజిస్టర్డ్ భాగపంపకాల దస్తావేజుగా మార్చుకోవాలి. కుటుంబ సభ్యుల మధ్య రాసుకునే దస్తావేజులకు స్టాంపు సుంకం కొనుగోలు కంటే తక్కువ. అక్కచెల్లెళ్ల సంతకాలు తప్పనిసరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో సమాన హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. 2005లో కేంద్ర చట్టం కూతుళ్లందరికీ ఆ హక్కు ఇచ్చింది. ‘కట్నం ఇచ్చాం కదా’ అన్న మాట రిజిస్ట్రార్ దగ్గర నిలబడదు. వాటా ఇవ్వండి, లేదా వాళ్లు ఇష్టపడి వదులుకుంటే ఆ మాటనూ రిజిస్టర్ చేయించండి. శ్లాబు వేశాక ఈ పేచీ తలెత్తితే కట్టిన డబ్బంతా కోర్టు మెట్ల దగ్గర ఆగిపోతుంది.

గ్రామాల్లో ఇళ్ల స్థలాలను డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులిచ్చే స్వామిత్వ పథకాన్ని కేంద్రం 2020 ఏప్రిల్ 24న ప్రారంభించింది. మీ ఊళ్లో సర్వే జరుగుతుంటే ఆ రోజు సెలవు పెట్టి వెళ్లండి. హద్దుల దగ్గర మీరు లేకపోతే పక్కింటివాళ్లు చెప్పిందే రాసుకుంటారు. ముసాయిదా ప్రకటించాక పేరు, కొలతలు చూసి తప్పుంటే గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. నోటితో చెప్పి వచ్చేస్తే రికార్డు మారదు.

పథకం సొమ్ముకు తగ్గ ఇల్లు

గ్రామీణ పీఎం ఆవాస్ యోజన కింద మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షలు ఇస్తారు. వంటగది కలిపి ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. తెలంగాణలో 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం, సొంత స్థలం ఉన్న అర్హులకు 5 లక్షలు ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25 నుంచి పంచిన ఇళ్ల పట్టాల్లో గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలం వచ్చింది. ఇలాంటి పథకం దేనికి దరఖాస్తు పెట్టినా రెండు సంగతులు ముందే తెలుసుకోవాలి.

మొదటిది, సొమ్ము విడతల్లో వస్తుంది. ఇందిరమ్మ పథకంలో పునాది పూర్తయి, అధికారులు ఫొటో తీసి పంపాకే మొదటి విడత పడుతుంది. అంటే పునాది ఖర్చు మీ దగ్గర ముందే ఉండాలి. బిల్లు ఆలస్యమైతే మేస్త్రీ ఇంకో పనికి వెళ్లిపోతాడు, మళ్లీ దొరికేసరికి వాన మొదలవుతుంది. ఒక విడతకు సరిపడా సొమ్ము పక్కన పెట్టుకున్నాకే ముగ్గు పోయండి. ఆ లోటుకు ఇంట్లో అమ్మో, భార్యో ద్వాక్రా సంఘంలో ఉంటే ముందు అక్కడ అడగండి. రెండు రూపాయల వడ్డీ కంటే అది చాలా చవక.

రెండోది, పథకం సొమ్ము చూసి ఇల్లు పెంచొద్దు. ఇందిరమ్మ ఇంటి విస్తీర్ణం 400 నుంచి 600 చదరపు అడుగుల లోపు ఉండాలి. ‘ఎలాగూ కడుతున్నాం, ఇంకో గది, పైన పెంట్‌హౌస్ వేద్దాం’ అన్న దగ్గరే 5 లక్షల ఇల్లు 12 లక్షలవుతుంది. బిల్లు ఆగిపోయే ప్రమాదమూ ఉంటుంది. మీరు ఏడాదికి పండగలకు పది రోజులు ఉండే ఇంటికి, అమ్మానాన్నలు రోజూ ఉండే ఇంటికి ఎంత కావాలో అంతే కట్టండి. మెట్ల కోసం స్థలం వదిలి, స్తంభాలను పై అంతస్తుకు సరిపడేలా వేయిస్తే చాలు. మిగతాది చేతిలో డబ్బు ఆడినప్పుడు చూసుకోవచ్చు.

మేస్త్రీతో కూలి ఒప్పందం చదరపు అడుగు చొప్పున మాట్లాడుకున్నా, డబ్బు మాత్రం దశలవారీగా ఇవ్వండి. పునాది, లెంటల్, శ్లాబు, ప్లాస్టరింగ్. ఒక దశ పూర్తయ్యాకే ఆ దశ సొమ్ము. మీరు పట్నంలో ఉండి ఫోన్‌లో కట్టిస్తున్నారు కాబట్టి సిమెంటు బస్తాలు, స్టీలు దిగిన రోజే లెక్కపెట్టి రాసే బాధ్యత ఊళ్లో ఒక్కరికే అప్పగించండి.

ప్లాటు కొనేముందు

ఆదివారం సైట్ విజిట్, ఉచిత వ్యాను, భోజనం, ‘ఇవాళ లక్ష కడితే ఈ రేటు’. ఉద్యోగులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ప్లాటు అమ్మేవాడు తొందరపెడితే మీరు నెమ్మదించండి. ఈ పరీక్షలన్నీ అయ్యాకే టోకెన్ ఇవ్వండి.

అనుమతి: ‘పంచాయతీ అప్రూవ్డ్’ అన్న మాటతో ఆగొద్దు. లేఅవుట్‌కు డీటీసీపీ, లేదా ఆ ప్రాంతపు హెచ్‌ఎండీఏ, సీఆర్‌డీఏ, వీఎంఆర్‌డీఏ లాంటి సంస్థ అనుమతి ఉండాలి. అనుమతి నంబరు తీసుకుని ఆ సంస్థ కార్యాలయంలో సరిచూడండి. తెలంగాణలో అనుమతిలేని ప్లాటయితే ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) దరఖాస్తు రసీదు చూసి సరిపెట్టుకోవద్దు. రుసుము కట్టి, క్రమబద్ధీకరణ ఉత్తర్వు చేతికొచ్చిందా అన్నదే ముఖ్యం.

రెరా: 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో, లేదా 8 ఫ్లాట్లకు మించి కట్టే ప్రాజెక్టును 2016 రెరా చట్టం కింద నమోదు చేయకుండా అమ్మకూడదు. ప్రకటనలివ్వడమూ కుదరదు. ‘ప్రీ లాంచ్’ పేరుతో తక్కువ రేటు అంటున్నారంటే నమోదుకు ముందే మీ డబ్బు అడుగుతున్నారన్నమాట. నమోదైన ప్రాజెక్టులోనూ, అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు.

నిషేధిత జాబితా: రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షన్ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు నిషేధిత జాబితాలో ఉంటాయి. మీరు కొనే సర్వే నంబరు అందులో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూడండి. పేదలకిచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. తర్వాత వచ్చిన సడలింపుల పేరు చెప్పి అమ్మజూపితే తహసీల్దారు కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెప్పించమనండి.

చెరువు: హైదరాబాద్‌లో చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు), బఫర్ జోన్‌లో కొన్నవారి పరిస్థితి 2024 జులైలో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక అందరూ చూశారు. రిజిస్ట్రేషన్ అయింది, కరెంటు వచ్చింది, ఇంటి పన్ను కడుతున్నాం అన్నవి అక్కడ కాపాడలేదు. చెరువు మ్యాపు తెచ్చుకుని మీ ప్లాటు ఎక్కడుందో సర్వేయరుతో గుర్తింపజేసుకోండి.

దస్తావేజు: నోటరీ కాగితం మీద, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద కొంటే యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చిచెప్పింది. రిజిస్టర్డ్ సేల్ డీడ్ ఒక్కటే దారి. లింకు డాక్యుమెంట్లన్నీ చూడాలి. 30 ఏళ్లకు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయించాలి. ఇది మీసేవలో దొరుకుతుంది. చివరగా, అమ్మేవాళ్లతో సంబంధం లేని లాయరుకు మీ డబ్బుతో కాగితాలు చూపించండి. కంపెనీ లాయరు ఇచ్చే అభిప్రాయం కంపెనీకి పనికొస్తుంది.

వ్యవసాయ భూమిని గుంటల్లో కోసి అమ్మే ఫామ్ ప్లాట్లు, నెలనెలా ఇంత అద్దె ఇస్తామనే బై బ్యాక్ పథకాలు జీతగాళ్లకు వద్దు. మొదటివాటిలో ఇల్లు కట్టడానికి అనుమతి రాదు, రెండోవాటిలో మీరు ఇస్తున్నది తాకట్టు లేని అప్పు.

ఫ్లాటు, బ్యాంకు అప్పు

30 లక్షల ఫ్లాటుకు మీ జేబులోంచి ఎంత కావాలి? 30 లక్షల లోపు అప్పుకు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆచరణలో జీతాన్ని బట్టి అంతకంటే తక్కువే రావచ్చు. పూర్తిగా 27 లక్షలు వచ్చినా 3 లక్షలు మీవి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే ఇంకో 2.25 లక్షలు. సాధారణంగా ఇది అప్పులో కలవదు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు జీఎస్టీ, అందుబాటు ఇళ్ల కోవలో ఉంటే 1 శాతం, లేకపోతే 5 శాతం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. పైన చెక్కపని, ఫ్యాన్లు, మోటారు వాటా. చేతిలో 7 లక్షలు లేకుండా 30 లక్షల ఫ్లాటు వైపు చూడొద్దు. ఆ సొమ్మును పర్సనల్ లోన్‌తో పూడ్చితే రెండు వాయిదాలు ఒకేసారి మొదలవుతాయి.

20 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు తీసుకుంటే నెల వాయిదా సుమారు 18 వేలు. మొత్తం కట్టేది 43 లక్షలు. గడువు 15 ఏళ్లకు తగ్గిస్తే వాయిదా 20,300 అవుతుంది, మొత్తం 36.5 లక్షలకు దిగుతుంది. నెలకు 2,300 ఎక్కువ కడితే ఆరున్నర లక్షలు మిగులుతాయి. అంత కుదరకపోతే 20 ఏళ్ల గడువే పెట్టుకుని, బోనస్ వచ్చినప్పుడు ఏడాదికి ఒక వాయిదా అదనంగా కట్టండి. మూడున్నరేళ్ల ముందే అప్పు తీరుతుంది. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పును ముందే తీర్చినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు. వడ్డీ పెరిగినప్పుడు మీకు చెప్పకుండా గడువు పొడిగించుకుంటూ పోకుండా, వాయిదా పెంచుకునే వీలు అడగండి. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆ హక్కు ఇచ్చింది. అప్పు పూర్తిగా తీరాక 30 రోజుల్లో అసలు కాగితాలు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి.

పట్టణ పీఎం ఆవాస్ యోజన రెండో దశలో వడ్డీ రాయితీ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివారికి, 35 లక్షల లోపు ఇంటికి 25 లక్షల లోపు అప్పు తీసుకుంటే, మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ. మొత్తం 1.80 లక్షల దాకా ఐదు వాయిదాల్లో వస్తుంది. ‘దేశంలో ఎక్కడా’ అన్న షరతు గమనించండి. ఊళ్లో ఇల్లు మీ పేరు మీద కట్టించుకుంటే పట్నంలో ఈ రాయితీ పోతుంది. రెండు ఇళ్ల లెక్క ఒకే పేజీలో ఉండాలనేది ఇందుకే. ఏ ఇల్లు ఎవరి పేరు మీద ఉండాలో కట్టకముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి.

పీఎఫ్ సొమ్ము ఇంటికి తీసుకునే వీలుంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఉమంగ్ యాప్‌లో మీ అర్హత చూసుకోండి. 2024-25కు పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. 24 శాతం వడ్డీ అప్పు తీర్చడానికి అర్హత ఉంటే ఈ సొమ్ము వాడటం లాభమే. 9 శాతం బ్యాంకు అప్పు తగ్గించడానికి వాడితే మిగిలేది నామమాత్రం, ముసలితనపు ఆసరా కరిగిపోతుంది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు

జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు జీతమంతా ఊళ్లో ఇంటి మీద పెట్టడం చూస్తుంటాం. అక్కడినుంచే కొనాల్సి వస్తే బావమరిదికో, అన్నకో జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొద్దు. ఫలానా సర్వే నంబరు కొనడానికి, ఫలానా దస్తావేజు మీద సంతకం చేయడానికి మాత్రమే పనికొచ్చేలా స్పెషల్ పవర్ రాయండి. దాన్ని భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు సుంకం కట్టించాలి. డబ్బు బంధువు ఖాతాకు కాకుండా మీ ఎన్‌ఆర్‌ఈ ఖాతా నుంచి అమ్మేవాళ్లకే పోవాలి. దస్తావేజులో కొన్నది మీరేనని మీ పేరే ఉండాలి. పనికి వెళ్లిన మనిషి తిరిగొచ్చేసరికి ఇల్లు ఇంకొకరి పేరున ఉన్న తగాదాలు చాలా వరకు ఈ జాగ్రత్తల్లో ఒకటి తప్పడం వల్ల వచ్చినవే.

ఏది ముందు?

జీతం ఒకటే కాబట్టి అన్నీ ఒకేసారి కావు. వరుస ఇలా పెట్టుకోండి. ఈ నెలలో ఒక పేజీ లెక్క రాయండి, అద్దె ఒప్పందం లేకపోతే రాయించండి. రెండోది, వచ్చే పండక్కి ఊరెళ్లినప్పుడు ఇంటి కాగితాలన్నీ బయటికి తీసి, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు అందరూ ఉన్నప్పుడే పంపకం మాట్లాడి, రిజిస్ట్రేషన్‌కు తేదీ పెట్టుకోండి. మూడోది, రెండు రూపాయల వడ్డీ అప్పు తీర్చండి. చీటీ పాడినా, బోనస్ వచ్చినా ముందు అటే పోవాలి. 24 శాతం మిగిల్చే ప్లాటు ఎక్కడా దొరకదు. నాలుగోది, ఆరు నెలల ఇంటి ఖర్చు ఖాతాలో చేర్చండి. ఉద్యోగం పోయిన నెలలో కూడా వాయిదా తేదీ ఆగదు. ఈ నాలుగూ అయ్యాకే పట్నంలో ప్లాటో, ఫ్లాటో.

నలభై ఏళ్లు వచ్చేస్తున్నాయి, తోటివాళ్లంతా కొనేశారన్న బెంగతో ఈ వరుస తప్పించొద్దు. వాళ్లు కొన్నది మీకు కనిపిస్తుంది, ఎంత వడ్డీకి కొన్నారో కనిపించదు. కంపెనీ మూతపడినా, బదిలీ అయినా పేచీ లేకుండా అమ్ముకోగలిగినది, వాయిదా కట్టాక కూడా పిల్లల ఫీజుకు చెయ్యి చాచనక్కర్లేనిది అయితేనే జీతగాడికి అది సొంత ఇల్లు. అంతదాకా ఆఫీసుకు దగ్గర్లో, రాత ఉన్న ఒప్పందంతో అద్దెకుండటంలో నామోషీ ఏమీ లేదు.